వేతన ఒప్పందాలకు తెరచాటు ఎందుకు?

ఆంధ్రప్రదేశ్ పదకొండో వేతన సవరణ సంఘానికి నాయకత్వం వహించిన అశుతోష్ మిశ్రా తన నివేదికను 2020 అక్టోబరులో ప్రభుత్వానికి అందజేశారు. దాన్ని బయటపెట్టాలని ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాలు ఏడాదికి పైగా అడుగుతూ వచ్చాయి. 2022 జనవరి 7న ఫిట్‌మెంట్ (సవరణలో మూల వేతనానికి కలిపే పెంపు శాతం) ప్రకటించినప్పుడు నివేదిక బయటకు రాలేదు. అదే నెల 17న ఉత్తర్వులు వెలువడినప్పుడూ రాలేదు. ఫిబ్రవరి 3న వేల సంఖ్యలో ఉపాధ్యాయులు పోలీసు ఆంక్షలను దాటుకొని విజయవాడ వీధులను నింపిన రోజూ రాలేదు. సమ్మె గడువు ముంచుకొచ్చి, మంత్రుల కమిటీతో చర్చలు ముగిసి, 5వ తేదీ రాత్రి ఒప్పందం కుదిరిన తరువాత గానీ జనం దాన్ని చదవలేకపోయారు. లక్షలాది కుటుంబాల రాబడినీ, ఖజానా నుంచి ఏటా వెళ్లే వేల కోట్ల రూపాయలనూ నిర్ణయించే పత్రాన్ని, దాని మీద బేరసారాలు పూర్తయ్యేదాకా బీరువాలో ఉంచడాన్ని మేము పాలనాపరమైన చిన్న జాప్యంగా చూడలేము.

ఆ దాపరికం వల్ల జరిగిన నష్టం ఏమిటో ఆ నాలుగు వారాల వాదనలను గుర్తుచేసుకుంటే తెలుస్తుంది. 23 శాతం ఫిట్‌మెంట్ వల్ల ఏటా రూ. 10,247 కోట్ల అదనపు భారం పడుతుందని ప్రభుత్వం చెప్పింది. అప్పటికే, సవరణ తేలేదాకా ఇచ్చే మధ్యంతర భృతి 27 శాతం అందుకుంటున్న తమకు 23 శాతం ఇవ్వడమంటే చేతికొచ్చే జీతం తగ్గడమేనని ఉపాధ్యాయులు దాన్ని ‘రివర్స్ పీఆర్సీ’ (తిరగబడ్డ వేతన సవరణ) అన్నారు. బకాయిపడ్డ కరవు భత్యాలను కలిపి లెక్కిస్తే ఎవరి జీతమూ తగ్గదని ప్రభుత్వం బదులిచ్చింది. రెండు పక్షాలూ అంకెలతోనే మాట్లాడాయి, ఎవరి అంకెలు వారికి నిజమే. ఆ డబ్బు కట్టే పౌరుడి చేతిలో మాత్రం ఈ వాదనలను సరిచూసుకోవడానికి మూలపత్రం లేదు. సంఘం సిఫారసు 27 శాతం, దాన్ని పరిశీలించిన కార్యదర్శుల కమిటీ సూచన 14.29 శాతం, ముఖ్యమంత్రి ప్రకటించింది 23 శాతం. ఈ మూడింటి మధ్య ఉన్న దూరానికి కారణాలు ఏమిటో, ఏ ఆదాయ అంచనా మీద ఏ అంకె నిలబడిందో వివరిస్తూ ఒక్క పత్రాన్నయినా శాసనసభ ముందు ఉంచి చర్చించిన తరువాత ఉత్తర్వులు ఇచ్చి ఉంటే, వీధిలో తేలాల్సిన లెక్కలు చాలావరకు సభలోనే తేలేవి.

ఇంటి అద్దె భత్యం విషయమే చూద్దాం. గ్రామాల్లో పనిచేసేవారికి అంతకుముందు మూల వేతనంలో 12 శాతం ఉన్న భత్యాన్ని జనవరి ఉత్తర్వులు 8 శాతానికి తగ్గించాయి. ఫిబ్రవరి ఒప్పందం దాన్ని 10 శాతం దగ్గర ఆపింది. సచివాలయంలోనో జిల్లా కేంద్రంలోనో పనిచేసే ఉద్యోగి ఈ మార్పును ఒకలా చూస్తాడు, మారుమూల మండలంలోని ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) మరోలా చూస్తాడు. ప్రభుత్వ బడుల్లో అధికభాగం పల్లెల్లోనే ఉన్నాయి కాబట్టి కోతలో పెద్ద వాటా ఉపాధ్యాయుల మీదే పడింది. ఉద్యోగ సంఘాల నేతలు సంతకాలు చేసిన ఒప్పందాన్ని ఉపాధ్యాయ సంఘాలు ఎందుకు తోసిపుచ్చాయో అర్థం కావాలంటే ఈ పల్లె లెక్క తెలియాలి. ఒప్పందం ముసాయిదాను ఒక వారం ముందు అందరికీ చదవడానికి ఇచ్చి ఉంటే, ఆ తేడా సంతకాలకు ముందే కనిపించేది.

తెలంగాణ అనుభవం వేరు. అక్కడ సి.ఆర్. బిస్వాల్ నేతృత్వంలోని మొదటి వేతన సవరణ సంఘం 2020 డిసెంబరు 31న ఇచ్చిన నివేదిక కొద్ది వారాల్లోనే వెలుగు చూసింది. అందులోని ఫిట్‌మెంట్ సిఫారసు 7.5 శాతం. 2021 మార్చి 22న, పట్టభద్రుల శాసనమండలి స్థానాల ఫలితాలు వెలువడిన రెండు రోజులకు, ముఖ్యమంత్రి శాసనసభలో 30 శాతం ప్రకటించారు. రాష్ట్ర విభజన తరువాత 2015లో కూడా ఇలాగే జరిగింది. పి.కె. అగర్వాల్ సంఘం 29 శాతమని చెబితే రెండు రాష్ట్రాలూ 43 శాతం ఇచ్చాయి. ఇవ్వడాన్ని మేము తప్పుపట్టడం లేదు. ధరలు పెరిగే కాలంలో ఉపాధ్యాయుడి జీతం పెరగడం న్యాయం. కానీ నిపుణుల సంఘం చెప్పినదానికి నాలుగు రెట్లు ఇచ్చినా, చెప్పినదాని కంటే తగ్గించినా, ఎందుకన్నది రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే వేతన సవరణ హక్కుగా కాక పాలకుల దయగా మారుతుంది. దయగా ఇచ్చినదాన్ని రేపు మరో పాలకుడు వెనక్కి తీసుకున్నప్పుడు నిలదీయడానికి ఉపాధ్యాయుడికి ఆధారం దొరకదు.

ఉత్తర్వులనే దాచిపెట్టిన కాలాన్ని కూడా చూశాం. 2008 నుంచి అందరికీ అందుబాటులో ఉన్న జీవోల వెబ్‌సైట్‌లో ఉత్తర్వులు ఉంచడాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో నిలిపివేసింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. మూడేళ్ల తరువాత, ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో గానీ ఆ వెబ్‌సైట్ తిరిగి తెరుచుకోలేదు.

ఇంతవరకు చెప్పింది రెగ్యులర్ ఉపాధ్యాయుల సంగతి. వారి జీతాలపై కనీసం చర్చ జరుగుతుంది, స్కేళ్లు అచ్చవుతాయి, సంఘాలు నిలదీస్తాయి. అసలు చీకటి ఒప్పంద (కాంట్రాక్టు) ఉపాధ్యాయుల దగ్గర ఉంది, మా ఆందోళన ప్రధానంగా అక్కడిదే. తెలుగునాట ఈ కథ పాతది. 1980లలో నెలకు రూ. 398 మీద స్పెషల్ టీచర్లుగా చేరినవారిని తోటివారు ఇప్పటికీ ‘398 టీచర్లు’ అనే పిలుస్తారు. ఆ సేవాకాలాన్ని లెక్కలోకి తీసుకొని ఇచ్చే నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం వారు దశాబ్దాల పాటు తిరిగారు. తరువాత అప్రెంటిస్ విధానం వచ్చింది, ఆ తరువాత విద్యా వాలంటీర్లు వచ్చారు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో సీఆర్టీలు (కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లు) వచ్చారు. 1998 డీఎస్సీలో పరీక్ష రాసినవారిలో కొందరికి దాదాపు పాతికేళ్లకు, పదవీ విరమణ వయసు దగ్గరపడ్డాక, మినిమం టైమ్ స్కేల్ (ఆ పోస్టు స్కేలులోని కనీస వేతనం) మీద ఒప్పంద ఉద్యోగం దొరికింది. పేరు మారిన ప్రతిసారీ జీతం పద్దు కూడా మారుతూ వచ్చింది.

ఆ పద్దుల్లోనే చిక్కుంది. రెగ్యులర్ ఉపాధ్యాయుడి జీతం 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తుంది. ‘మాకూ 010 ద్వారా జీతాలివ్వండి’ అని మున్సిపల్, గురుకుల ఉపాధ్యాయులు ఏళ్ల తరబడి కోరడానికి కారణం ఆ అంకె వెనుక ఉన్న భరోసాయే. పొరుగు సేవల (అవుట్‌సోర్సింగ్) చెల్లింపులు ‘ఇతర కాంట్రాక్టు సేవలు’ కిందికి వెళతాయి. కస్తూర్బా ఉపాధ్యాయినుల వేతనం సమగ్ర శిక్షా నిధుల్లో, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున పెట్టే వాటాల్లో కలిసి ఉంటుంది. 2025-26 బడ్జెట్‌లో పాఠశాల విద్యకు రూ. 31,805 కోట్లు కేటాయించినట్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది, తెలంగాణ విద్యాశాఖకు రూ. 23,108 కోట్లు చూపింది. ఆ డబ్బుతో ఎంతమంది ఒప్పంద ఉపాధ్యాయులు ఎంత జీతానికి, ఏ షరతుల మీద, ఎన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నారో ఆ అంకెలు చెప్పవు. గదులు ఊడ్చే పనికి, గేటు దగ్గర కాపలాకి చెల్లించే పద్దుల వరుసలోనే బోధన కూడా ఒక ‘సేవ’గా నమోదైతే, ఖర్చు తగ్గిందని ఆర్థిక శాఖ చూపించుకోవచ్చు గానీ, బడికి ఏం దక్కిందో ప్రజాప్రతినిధికి సైతం తెలియదు.

తెలంగాణలో సమగ్ర శిక్షా ఉద్యోగులు 2024 డిసెంబరులో సమ్మెకు దిగి జనవరి దాకా కొనసాగించినప్పుడు ఆ పద్దుల వెనుక ఉన్న మనుషులు బయటి ప్రపంచానికి కనిపించారు. కస్తూర్బా బాలికల తరగతులు దెబ్బతిన్నాయి. పాలకులు అధికారంలోకి రాకముందు తమకు ఇచ్చిన హామీని నిలుపుకోవాలని వారు అడిగారు. అంతకు ఏడాది ముందు, 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పథకం సిబ్బంది సమ్మె చేశారు. వారిని నియమించిన పత్రాల్లో ఏముందో, ఏ షరతుకు వారు తలొగ్గాల్సి వచ్చిందో సమ్మె శిబిరాల్లో తప్ప మరెక్కడా వినపడలేదు.

న్యాయస్థానాలు ఈ విషయంలో ప్రభుత్వాల కంటే స్పష్టంగా మాట్లాడాయి. పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ మధ్య వ్యాజ్యంలో 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఒకే పని చేసే తాత్కాలిక సిబ్బందికి ఆ ఉద్యోగపు స్కేలులో కనీస వేతనమైనా ఇవ్వాలని చెప్పింది. బిహార్ ఒప్పంద ఉపాధ్యాయుల విషయంలో 2019లో మాత్రం అదే న్యాయస్థానం రాష్ట్ర ప్రభుత్వ వాదన వైపు మొగ్గింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల ఒప్పంద సహాయాచార్యుల కేసు వచ్చినప్పుడు, వారు నెలకు రూ. 30 వేలతో ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్న తీరు ధర్మాసనాన్ని కలవరపరచింది. సభల్లో ‘గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః’ అని వల్లిస్తే చాలదని, ఆ మాట మీద నమ్మకముంటే అది గురువులను చూసుకునే తీరులో కనపడాలని ఆ తీర్పు చెప్పింది. ఆ రూ. 30 వేల సంగతి దేశానికి తెలియడానికి కోర్టు తీర్పు దాకా ఆగవలసి రావడమే మమ్మల్ని బాధిస్తోంది.

దీనికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ప్రతి అధికారికీ, ఉద్యోగికీ నెలకు అందే పారితోషికాన్నీ, దాన్ని నిర్ణయించే పద్ధతినీ ఎవరూ అడగకుండానే ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఆదేశిస్తోంది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఈ సమాచార హక్కు చట్టం ఎనిమిదో సెక్షన్‌లోని వ్యక్తిగత సమాచార మినహాయింపును విస్తరించినా, నాలుగో సెక్షన్ జోలికి వెళ్లలేదు. కాబట్టి గోప్యత పేరు చెప్పి జీతాల స్కేళ్లను, ఒప్పంద షరతులను దాచే అవకాశం ఏ శాఖకూ లేదు. ఒక టీచరమ్మ బ్యాంకు ఖాతా, ఆమె అప్పుల కోతలు ఊరందరికీ తెలియాల్సిన పని లేదు. ఆ పోస్టుకు ఎంత, ఏ పద్దు నుంచి, ఎంతకాలానికి అన్నది మాత్రం తెలియాలి.

చర్చలు జరుగుతుండగా వివరాలు చెబితే పరిష్కారం దొరకదన్న వాదన ఉంది. బేరం సాగుతున్నప్పుడు కొంత గుంభనం అవసరమేనని మేమూ ఒప్పుకుంటాం. కానీ బేరం ముగియడానికీ సంతకం అమలుకు రావడానికీ మధ్య కొంత వ్యవధి ఉండాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఉపాధ్యాయ సంఘంతో కుదిరిన ఒప్పందాన్ని పాఠశాల బోర్డు ఆమోదించే ముందు, దాని ముఖ్యాంశాలను, ఆ ఏడాదీ తరువాతి సంవత్సరాల్లోనూ పడే ఖర్చును బహిరంగ సమావేశంలో వెల్లడించాలని చట్టం ఉంది. ఆ ఖర్చును పాఠశాల జిల్లా (ఆ బోర్డు పరిధి) భరించగలదని అక్కడి విద్యాధికారి, ఆర్థికాధికారి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అందుకు ఒప్పందాలేమీ ఆగిపోవడం లేదు.

ఈ బాధ్యత ప్రభుత్వాలది మాత్రమే కాదు. తమ సభ్యుల తరఫున ఏం ఒప్పుకున్నారో, దేన్ని వదులుకున్నారో సంఘాలు కూడా ఆ రోజే అచ్చువేసి పంచాలి. రెగ్యులర్ ఉపాధ్యాయుల ఫిట్‌మెంట్ కోసం నెలల తరబడి పోరాడే సంఘాలు పక్క తరగతి గదిలోని సీఆర్టీ జీతాన్ని తమ డిమాండ్ల పత్రంలో ఎన్నో అంశంగా రాస్తున్నాయో చూసుకోవాలి. ఉపాధ్యాయుల జీతాలే ఖజానాను మింగేస్తున్నాయని చెప్పేవారికి కూడా ఒక మాట చెప్పాలి. లెక్కలు పూర్తిగా బయటకు వస్తే, ప్రభుత్వం ఎక్కువగా ఇచ్చిన చోట్లే కాదు, చట్టం ప్రకారం ఇవ్వాల్సింది ఇవ్వకుండా మిగుల్చుకున్న చోట్లు కూడా బయటపడతాయి.

రెండు రాష్ట్రాల్లోనూ 2023 జులై 1 నుంచి వర్తించాల్సిన వేతన సవరణ మీద ఉపాధ్యాయులు ఆశ పెట్టుకొని ఉన్నారు. ఆ సవరణకు ఆధారమయ్యే నివేదిక ఏదైనా, ప్రభుత్వానికి అందిన రోజునే తెలుగులో, పూర్తి అనుబంధాలతో వెబ్‌సైట్‌లో ఉంచాలి. దాని మీద ప్రభుత్వం తీసుకోదలచిన నిర్ణయాన్ని ఉత్తర్వులకు ముందు శాసనసభలో చర్చకు పెట్టాలి. బడ్జెట్ పత్రాలతో పాటు ఒప్పంద, పొరుగు సేవల, పథకాల ఉపాధ్యాయులందరి సంఖ్యనూ జీతాలనూ జిల్లాలవారీగా చూపే ఒకే పట్టికను సభ్యులకు ఇవ్వాలి. ఆ పట్టికకు కావలసిన వివరాలు ప్రతి నెలా జీతాల బిల్లులు చేసే కార్యాలయాల్లో ఇప్పటికే ఉన్నాయి.