పొట్ట నిండితే కిందికే

మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఈ నెలలో మూడోసారి ఆగింది. ఐదంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసం తీరకముందే ఒక ఘోరాన్ని మీ దృష్టికి తెస్తున్నాను. ఇంగ్లండులో, ఉత్తర డెవాన్ సముద్రతీరంలో 1890లో మొదలైన ఒక కొండ రైలు ఇప్పటికీ నడుస్తోంది. కరెంటు లేదు, డీజిల్ లేదు, అసలు మోటారే లేదు. సాంకేతిక ప్రగతికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

కింద ఒడ్డున లిన్‌మత్ అనే ఊరు, దాని నెత్తిన 500 అడుగుల ఎత్తులో లింటన్. పేరుకి ఇరుగూ పొరుగే. బొగ్గు, సున్నం లాంటివి ఓడల్లో కింద దిగితే, పైకి మోసే పని గుర్రాలది. ఇది చూసి ఎవరి మీద జాలేసిందో, గుర్రాల మీదా యాత్రికుల మీదా, తేల్చలేం గానీ, పత్రికలమ్మి బాగా గడించిన జార్జ్ న్యూన్స్ డబ్బు పెట్టాడు, జార్జ్ క్రాయ్‌డన్ మార్క్స్ అనే ఇంజనీరు ప్లాను గీశాడు.

ఆ ప్లాను మా అమ్మమ్మకి చూపిస్తే నవ్వేది. గిలక, తాడు, రెండు చేదలు, అంతే. 862 అడుగుల ఏటవాలు పట్టాల మీద తాడుకి అటొకటి ఇటొకటి రెండు పెట్టెలు, ఒక్కోదాని అడుగున 700 గ్యాలన్ల ట్యాంకు, అంటే మన వీధిలోకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లో సగానికి పైనే. పైపెట్టెలో వెస్ట్ లిన్ నది నీళ్లు నింపుతారు, కిందపెట్టె తన నీళ్లు వదిలేస్తుంది, బరువెక్కినది దిగుతూ తేలికైనదాన్ని పైకి లాగుతుంది, ఒక్కో పెట్టెలో బ్రేకు పట్టుకుని ఒక మనిషి. పొట్ట నిండినవాడు కిందికి రావాలట, ఖాళీ చేసుకున్నవాడు పైకి పోవాలట. మన ఆఫీసుల్లో ముప్ఫయ్యేళ్లు చేసి రిటైరైన నాలాంటివాడికి ఈ భౌతికశాస్త్రం తలకిందులుగా కనిపిస్తే నా తప్పా? పైగా 1888లో పార్లమెంటు చట్టం చేసి ఆ నీటి హక్కును శాశ్వతంగా రాసిచ్చేసింది. ఏటా రెన్యువల్ లేదు, ఫైలు కదలక్కర్లేదు. మరి గుమాస్తాలు బతకొద్దా?

సరే, ఆ న్యూన్సే దన్నుగా నిలబడిన ఇంకో రైలుంది. లింటన్ నుంచి బార్న్‌స్టపుల్‌కి, బొగ్గూ ఆవిరీ పొగా అన్నీ ఉన్న అసలు సిసలు రైలు. 1898లో మొదలై 1935లో మూతపడింది. నీళ్ల పెట్టెలు మాత్రం సిగ్గులేకుండా ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి.

ఇదంతా నిన్న మా వాచ్‌మన్‌కి వివరించి, మన లిఫ్టుకీ ఇలా నీళ్లు పెట్టించమని అసోసియేషన్‌లో అడుగుతానన్నాను. అతను మెట్ల మీద బిందె దించి, "ట్యాంకర్ వచ్చి మూడ్రోజులైంది సార్, ముందు స్నానాలకి కానివ్వండి" అన్నాడు.