ఏ కెమెరా అని అడిగేవాళ్లకు

హనుమకొండలో ఏ ఫొటో స్టూడియోలో పెళ్లి ఆర్డర్ మాట్లాడినా ముందు వచ్చేది కెమెరా ముచ్చటే. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమా? డ్రోన్ ఉందా? ఫొటో తీసేదెవరని అడిగేవాళ్లు అరుదు. దాంతో కుర్రాళ్లు అప్పు చేసి మరీ మిర్రర్‌లెస్ కెమెరాలు కొంటున్నారు. కిస్తీలు తీరకముందే కొత్త మోడల్ దిగుతోంది.

కొత్త కెమెరాలు గొప్పవే. కదిలే మనిషి కన్ను వెతికి మరీ ఫోకస్ పట్టేస్తాయి. 36 ఫొటోల రీలు రోజులే బాగుండేవనే వాళ్లతో నాకు పేచీ ఉంది. కళ్లు మూసుకున్న పెళ్లికూతుళ్లు ఆ ఆల్బమ్‌లలో ఎంతమంది లేరు!

అయినా ఒకసారి రామప్పకు వెళ్లి చూడండి. 1213 నాటి ఆ గుడికి చూరు కింద నిలిచిన మదనికలవి, అంటే నాట్యగత్తెలవి, నల్లరాతి బొమ్మలు. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఎదుట ఉన్నదేదైనా సగటున బూడిద రంగే అన్న లెక్కతో నడుస్తుంది. ఫ్రేమంతా బొమ్మే ఉంటే వెలుగు పెంచేస్తుంది, నల్లని నునుపు కాస్తా బూడిదైపోతుంది. వెనక ఆకాశం పడితే బొమ్మ మసిముద్ద. ఫోన్ నాలుగైదు ఫ్రేములు కలిపి రెండూ కనిపించేలా చేస్తుంది కానీ, నీడలన్నీ నింపేసరికి నగల చెక్కడం చదునైపోతుంది. చేయాల్సింది వెనక ఆకాశం పడకుండా చూసుకుని, ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలోకి తీసుకునే వెలుగును, కాస్త మైనస్‌లోకి దించి, పక్కవాటు ఎండ కోసం ఆగడం. గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున ఆ ఎండ దొరికే బొమ్మలు వేరు, సాయంత్రం దొరికేవి వేరు. ఇది ఏ మెనూలోనూ ఉండదు, గుడి చుట్టూ తిరిగితేనే తెలుస్తుంది.

మేడారం జాతరలో పని మరీ కష్టం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు గాల్లోకి పోలీసు కాల్పులు, శివసత్తుల పూనకాలు, తోపులాట, దుమ్ము. ఆటోఫోకస్ దగ్గర్లో ఏ ముఖం కనిపిస్తే దాన్ని పట్టుకుంటుంది. చాలాసార్లు అది బందోబస్తు పోలీసుదే! పూజారులు ఏ దారిన వస్తారో, తల్లి గద్దెకు చేరే వేళ జనం ఎటు తోస్తారో తెలిసినవాడు ముందే చోటు చూసుకుంటాడు. వరంగల్‌లో పుట్టి 2022లో కన్నుమూసిన ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ బతుకమ్మను, పల్లె జీవితాన్ని తీసిన ఫొటోల వెనక ఉన్నది కూడా ఈ తెలివిడే. వాటిని చూసి ఏ కెమెరాతో తీశారని అడగాలని నాకెప్పుడూ అనిపించలేదు.

పెళ్లిళ్లలో ఇప్పుడు అసలు పని షటర్ నొక్కాక మొదలవుతోంది. వేల ఫొటోల్లోంచి ఏరాలి. జీలకర్ర బెల్లం పెట్టే వేళ తీసిన వందలో ఒక్కటే పనికొస్తుంది, అదేదో పోల్చడానికి కన్ను కావాలి. ఆ ఓపిక లేనిచోట సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తున్నారు. అది చామనఛాయ అమ్మాయిని పిండిబొమ్మను చేసి ఇస్తోంది, పసుపు ఛాయ కూడా మిగలడం లేదు. ఇళ్లలోనూ తెల్లగా చేయమనే అడుగుతున్నారు, తప్పంతా స్టూడియోల మీద తోయలేం.

ఇక కొటేషన్‌లో డ్రోన్‌కు ఒక ధర, క్రేన్‌కు ఒక ధర, ఆల్బమ్‌కు షీట్ల లెక్కన ఇంకో ధర. రాత్రుళ్లు కూర్చుని ఫొటోలు ఏరేవాడి కూలి మాత్రం ఎక్కడా రాయరు. బేరమాడేటప్పుడు ముందు తెగేది అదే.