మూడో బెంచీ నుంచి ఒక మనవి

మా సంఘం తగ్గిపోతోంది. ఈ మాట పాస్టర్ గారు చెప్పలేదు, కమిటీ చెప్పలేదు, సంస్కారం ఆదివారం, అంటే ద్రాక్షరసం పంచే రోజు, ఆ చిన్న గ్లాసులు కడిగే ఆయన చెప్పాడు. ట్రేకి నలభై గ్లాసులు. ఒకప్పుడు ఐదు ట్రేలు కడిగితే గానీ ఆయనకి ఇంటికెళ్లే వీలుండేది కాదట, ఇప్పుడు రెండే ట్రేలు, ఆ రెండో దాంట్లోనూ సగం గ్లాసులు పోసినవి పోసినట్టే వెనక్కి వస్తున్నాయట. "నాకైతే పని తగ్గింది సార్, మీ సంగతి మీరు చూస్కోండి" అన్నాడు. సికింద్రాబాద్‌లో నూరేళ్లు దాటిన రాతిగోడల మందిరం మాది. ఊరుకుంటామా? వెంటనే రంగంలోకి దిగాం. అంటే, కమిటీ వేశాం.

ఏడుగురం. మా వయసులన్నీ కలిపితే మందిరం వయసుకి నాలుగింతలు అవుతుంది కాబట్టి అనుభవానికి లోటు లేదు. ఐదుసార్లు కూర్చున్నాం, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, ఒకసారి మిర్చి బజ్జీ. సంఘం ఎందుకు తగ్గుతోందో చాలా లోతుగా పరిశోధించాం.

మొదటి దోషి ట్రాఫిక్. ఇది నిజమే, కాదనను. మారేడుపల్లిలో పుట్టిన పిల్లలంతా ఉద్యోగాలని మియాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు పోయారు, వాళ్లు ఆదివారం పొద్దున్నే లేచి పిల్లల్ని తయారుచేసి ఇంత దూరం రావాలంటే యేసు ప్రభువు రెండో రాకడ కంటే ముందు బయల్దేరాలి. రెండో దోషి యూట్యూబ్. 2020 మార్చిలో లాక్‌డౌన్ అని మందిరాలు మూశారు, జూన్ 8 నుంచి తెరుచుకోవచ్చన్నారు, ఆ రెండో కబురు మా వాళ్లలో కొందరికి ఇంకా చేరలేదు. లుంగీలో కూర్చుని, పక్కన దోసె పెట్టుకుని, లైవ్‌లో ఆరాధిస్తున్నారు. కానుకల పాట మొదలయ్యేసరికి మాత్రం సరిగ్గా నెట్ స్లో అవుతుంది. మూడో దోషి ఊరి చివర వెలిసిన పెద్ద షెడ్ల మందిరాలు. ఏసీ, డ్రమ్స్, కుషన్ కుర్చీలు, ఎక్కించుకెళ్లడానికి బస్సు. "మన గొర్రెల్ని ఎత్తుకుపోతున్నారు" అని కమిటీలో ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆయన పెద్ద కొడుకు అక్కడ కీబోర్డ్ వాయిస్తాడు.

ఇక మిగిలిన తప్పంతా అయ్యగారిది, అంటే పాస్టర్ గారిది. వాక్యం నలభై నిమిషాలు చెబితే సాగదీస్తారు, ఇరవై నిమిషాల్లో ముగిస్తే ప్రిపేర్ అవలేదు. ఇళ్లకి వస్తే భోజనం టైమ్‌కే వస్తారు, రాకపోతే మందని పట్టించుకోరు. పైగా ఆయన జనం పేర్లు నేర్చుకునేలోపు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుంది, కొత్తాయన వచ్చి మళ్లీ అందర్నీ "బ్రదర్" అనడం మొదలుపెడతారు.

సభ్యుల లోపాలు అని కూడా ఒక హెడ్డింగ్ పెట్టాం. దాని కింద రాయడానికి ఏమీ దొరకలేదు. ఏడుగురం చాలా నిజాయితీగా వెతికాం.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ వ్యవహారంలో నా ఆస్తి ఒకటి ఇరుక్కుంది. నాది ఎడమవైపు మూడో బెంచీ. పైన ఫ్యాన్ మా నాన్న 1986లో తాతగారి పేరున ఇచ్చింది. మూడు రెక్కల మీద ఎర్ర పెయింట్‌తో ఒకదాని మీద పేరు, ఒకదాని మీద 'గారి', ఇంకోదాని మీద 'జ్ఞాపకార్థం' అని రాయించాడు. తిరిగితే ఏదీ కనపడదు. అందుకని మా నాన్న బతికున్నన్నాళ్లూ మే నెలలో కూడా రెగ్యులేటర్‌ని ఒకటి మీదే ఉంచమనేవాడు, అప్పుడైతే కళ్లు బాగున్నవాళ్లు కూడబలుక్కుని చదువుకోవచ్చని. ఆ బెంచీలో ఆరుగురు పడతారు. మేమూ ఆరుగురమే ఉండేవాళ్లం. అమ్మానాన్న పోయారు, పెద్దాడు డల్లాస్, చిన్నది బెంగళూరు. ఇప్పుడు నేనూ, మా ఆవిడా. మిగతా నాలుగు చోట్లలో ఒక హ్యాండ్‌బ్యాగు, ఒక శాలువా, ఒక బైబిలు, ఒక గొడుగు కూర్చుంటాయి. వానాకాలం కాకపోయినా గొడుగు వస్తుంది. ఆరాధనకి అది ఎప్పుడూ లేటు కాదు.

మొన్న జనవరిలో ఒక అబ్బాయి వచ్చాడు. కొత్తగూడెం వైపు నుంచి, అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఏదో కోర్సు చేస్తున్నాడట. ఇస్త్రీ మడత తెలిసే తెల్లచొక్కా, చేతిలో చెప్పులు. బయట ఎక్కడ విడవాలో తెలీక పట్టుకునే లోపలికి వచ్చాడు. చూసి చూసి మూడో బెంచీలో, గొడుగు పక్కన కూర్చున్నాడు. నేను చాలా మర్యాదగా, "బాబూ, ఇది మాది" అన్నాను. లేచి వెనక్కి వెళ్లాడు. అక్కడి బెంచీలోనూ ఎవరో కర్చీఫ్ వేసుకున్నారు. చివరికి తలుపు పక్కన, విరిగిన స్టాండ్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో సెటిలయ్యాడు.

(అపొస్తలుల కార్యాల్లో ఐతుకు అనే కుర్రాడు పౌలు ప్రసంగం వింటూ నిద్రపోయి మూడో అంతస్తు కిటికీలోంచి కింద పడ్డాడు కదా. తప్పు పౌలుది అని కొందరు, నిద్రది అని కొందరు వ్యాఖ్యానాలు రాశారు. అసలు వాడు కిటికీలో ఎందుకు కూర్చోవలసి వచ్చింది, లోపల బెంచీ మీద ఎవరు గొడుగు పెట్టారు అని ఒక్కరూ అడగలేదు.)

ఆరాధన అయ్యాక మేము ఆ అబ్బాయిని వదిలేయలేదు, చుట్టూ చేరాం. "ఏ ఊరు బాబూ?" చెప్పాడు. "ఇంటిపేరు?" చెప్పాడు. "మీది ఏ మిషన్?" బయటివాళ్లకి ఈ ప్రశ్న భక్తిగా వినిపిస్తుంది. మాకు మాత్రం ఇది ఆధార్ కార్డు. గుంటూరు అంటే లూథరన్, ఒంగోలు, నెల్లూరు అంటే బాప్టిస్టు, మెదక్, కరీంనగర్ అంటే వెస్లియన్, డోర్నకల్ అంటే ఆంగ్లికన్. మిషనరీ దొరలు జిల్లాల్ని పంచుకున్నారు, మేము ఆ మ్యాప్ దగ్గరపెట్టుకుని మిషన్‌కి ఇంటిపేరు కలిపి, నోటితో అడగకూడని మూడో విషయం ఏమిటో లెక్క తేల్చుకుంటాం. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ, ప్రెస్బిటేరియన్లూ, కాంగ్రిగేషనల్ వాళ్లూ కలిసి సౌత్ ఇండియా సంఘం అయ్యారు. కాగితం మీద అయ్యారు. బెంచీల దాకా ఆ వార్త రావడానికి టైమ్ పడుతుంది, ఇంకా ఎనభై ఏళ్లు కూడా కాలేదుగా. ఆ అబ్బాయి లెక్క తేలాక కొందరు వాచీ చూసుకున్నారు. తర్వాతి ఆదివారం తలుపు పక్కన కుర్చీ ఖాళీ.

ఇదంతా చదివి మా దగ్గర జనమే లేరనుకోకండి. పాస్టరేట్ కమిటీ ఎన్నికలు పెట్టండి, గేటు బయట కార్లు ఆపడానికి చోటు ఉండదు. పదేళ్లుగా మొహం చూపించనివాళ్లు వీల్‌చైర్లలో వచ్చి ఓటేస్తారు. ఓడినవాళ్లు ముందు కోర్టుకి వెళతారు, అక్కడ విసిగాక దగ్గర్లోని ఫంక్షన్ హాల్‌కి వెళ్లి వేరే సంఘం పెడతారు. అలా మా వీధి చుట్టుపక్కల సంఘాలు పెరుగుతూనే ఉన్నాయి, జనమే పాతవాళ్లు. ఇక చందా బకాయిలంటారా, తండ్రిని ఐసీయూలో పెట్టారు అనగానే పన్నెండేళ్ల బకాయి ఒక్కసారిగా ఫోన్‌పేలో కొట్టేస్తారు. సమాధుల తోటలో చోటుకి అయ్యగారి లెటర్ కావాలి కదా.

కమిటీ నాలుగో మీటింగులో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు చరిత్ర తీశారు. 1867లో ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు రోజుల్లో తాను ఇప్పిస్తున్న కాలువ తవ్వకం పని కోసం వచ్చి చేరతారేమోనని అక్కడి మిషనరీ క్లౌ దొర అప్పటిదాకా బాప్తిస్మాలే ఆపేశాడట. మా కోశాధికారి గారు వెంటనే అడిగారు, "అంతమందికీ ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్లు ఎవరు చెక్ చేశారు?" లెక్చరర్ గారు పట్టించుకోకుండా యర్రగుంట్ల పేరయ్య గురించి చెప్పుకొచ్చారు. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ మనిషి. వ్యాపారానికి ఊరూరా తిరుగుతూ చుట్టాల ఇళ్లలో కూర్చుని, తనకి తెలిసింది తనవాళ్లకి చెప్పుకున్నాడు. దొర గుర్రమెక్కి వచ్చేసరికి చాలా ఊళ్లలో జనం అప్పటికే ఎదురుచూస్తున్నారు. మైకు లేదు, ఫ్లెక్సీ లేదు, చేతిలో తోళ్లు. "ఇది మన పరిధిలోకి రాదు" అని కమిటీ తీర్మానించింది. ఇంకొకాయన గోల్కొండ క్రాస్ రోడ్స్ హెబ్రోను మందిరం ఊసెత్తారు. దాన్ని మొదలుపెట్టిన భక్త సింగ్ గారి కాలం నుంచి అక్కడ ఆరాధన కాగానే ప్రేమవిందు, అందరూ వరసగా కూర్చుని కలిసి తింటారు. మా దగ్గరా పెట్టచ్చు గానీ గిన్నెలు ఎవరు తోముతారనే దగ్గర చర్చ ఆగింది, ఇంకా అక్కడే ఉంది.

చివరికి తుది సిఫార్సు: గేటుకి కొత్త ఆర్చి. గ్రానైట్ పలక మీద ఏడుగురి పేర్లు.

మా కమిటీకి తెలియకుండా మందిరంలో ఒక అక్రమం జరుగుతోందని ఈమధ్యే బయటపడింది. చివరి బెంచీలో ఒక అమ్మమ్మ ఉంది. నర్సుగా చేసి రిటైరైంది, కళ్లజోడు కాడకి దారం కట్టుకుంటుంది. ఆమెకి పదవి లేదు, స్త్రీల సమాజంలో సెక్రటరీ కూడా కాదు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడుగుతుంది, "తిన్నావా?" ఊరు అడగదు, మిషన్ అడగదు. తినలేదంటే ఆటో ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లి పప్పుచారు, ఎండుచేపల వేపుడుతో అన్నం పెడుతుంది. వచ్చే ఆదివారం రాకపోతే ఫోన్ చేస్తుంది, చేసి కూడా మందిరం మాట ఎత్తదు, "జ్వరమేమన్నా వచ్చిందా?" అంటుంది. ఇలా నర్సింగ్ హాస్టల్ నుంచి మొదట ఒక పిల్ల వచ్చింది, తర్వాత ఆ పిల్ల రూమ్మేట్లు. తీర్మానం లేదు, బడ్జెట్ లేదు, బిల్లులు లేవు. ఆడిట్‌లో దీన్ని ఎలా చూపించాలో తెలీక కోశాధికారి గారికి టెన్షన్ పట్టుకుంది. ఆరా తీస్తే ఇంకో సంగతి తెలిసింది, ఆ కొత్తగూడెం అబ్బాయి కూడా మందిరానికి రావడం మానేశాడు గానీ ఆమె ఇంటికి భోజనానికి వెళ్తూనే ఉన్నాడట.

పోయిన ఆదివారం ఆమె ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని, ఆ అబ్బాయిని కూడా లాక్కొచ్చింది. వెనక బెంచీలు నిండాయి. ఆమె అటూ ఇటూ చూసి, మధ్యదారిలో నడుచుకుంటూ సరాసరి మూడో బెంచీ దగ్గరికి వచ్చింది.

"ఈ గొడుగు ఎవరిదయ్యా?"

"మాదేనమ్మా."

గొడుగు, శాలువా, బైబిలు, హ్యాండ్‌బ్యాగు వరసగా తీసి నా ఒళ్లో పెట్టింది. నాలుగు చోట్లు, నలుగురు. ఆమె మాత్రం వెనక్కి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మా ఆవిడ నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ సంగతి ఇంటికెళ్లాక మాట్లాడాం.

దీని మీద కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. తాతగారి ఫ్యాన్ గాలి ఇప్పుడు ఆరుగురికి పంచుకోవలసి వస్తోంది, నా వాటా బాగా తగ్గింది. పైగా ఆ పిల్లల్లో ఒకతి రెగ్యులేటర్‌ని ఎవరినీ అడక్కుండా ఐదు మీద పెట్టింది, తాతగారి పేరు పూర్తిగా మాయం. కీర్తన మొదలవగానే నా పాటల పుస్తకంలో సగం ఆ అబ్బాయి పట్టుకున్నాడు, గొంతెత్తి పాడుతున్నాడు, రాగం మా సికింద్రాబాద్ రాగం కాదు, వాళ్ల ఊరిది. రెండో చరణం అయ్యేసరికి మోచేత్తో మెల్లగా పొడిచాడు.

"పేజీ తిప్పండి అంకుల్."

తిప్పాను.