మారుతి 808

విశాఖ సీతమ్మధారలో మా వీధి మొదట్లో చిన్న ఎత్తు ఉంది. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు మా మారుతి 800 వదిలే నీలిపొగ చూసి, దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని జనం కిటికీలు మూసుకునేవారు. ఒక ముసలాయన మాత్రం గేటు దాకా వచ్చి, "బాబూ, మా పెరట్లో కూడా కాస్త కొట్టి వెళ్ళు" అని అడిగాడు.

మా మెకానిక్ బానెట్ ఎత్తకుండానే రోగం చెప్పేశాడు. "నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు సార్. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే నీళ్ళు లోపలికి పోతున్నట్టు. నీలిపొగ అంటే ఆయిలు కాలుతున్నట్టే. పిస్టన్ రింగులు అరిగిపోయాయి. సిలిండర్లు బోరుకు వచ్చాయి, ఇంజను దింపాలి." ఎంతవుతుంది అంటే 25 వేలు అన్నాడు. నేను నవ్వాను. అతడు నవ్వలేదు.

ముప్పయ్యేళ్ళు ఆఫీసులో పద్దులు రాసినవాణ్ణి. రూపాయి తేడా వస్తే రాత్రి పది దాకా కూర్చుని పట్టుకున్నవాణ్ణి. మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు ఉన్న ఇంజను నాకొక లెక్కా? విప్పినవన్నీ ఒక పక్క రాసుకుని, బిగించినవన్నీ ఇంకో పక్క రాసుకుంటే, రెండు పక్కలూ సరిపోయిన రోజు కారు స్టార్టవుతుంది. ఈ మాట మా ఆవిడతో అన్నాను.

"కుళాయి వాషరు మార్చినప్పుడు మూడు రోజులు పక్కింటి నుంచి నీళ్ళు తెచ్చుకున్నాం" అంది ఆవిడ. "పక్కింటివాళ్ళకు కారు కూడా లేదు."

గ్యారేజీ అని గొప్పగా అంటున్నాను కానీ, అది మా నాన్నగారు స్కూటరు కోసం కట్టించిన ఏడడుగుల గది. కారు వెడల్పు 1440 మిల్లీమీటర్లు. ఎడమ గోడకు ఆనించి పెడితే కుడివైపు రెండడుగుల పైచిలుకు మిగులుతుంది. అందులో నేను, పానాల పెట్టె, ఒక స్టూలు. నాలుగో ప్రాణి రావాలంటే ముందు నేను బయటికి రావాలి.

ఆ నాలుగో ప్రాణి మొదటి రోజే వచ్చింది. పక్కింటి మాస్టారు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చేతిలో సుద్దముక్క లేకపోతే ఆయనకు మాట రాదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, గ్యారేజీ గోడను నల్లబల్లగా స్వాధీనం చేసుకున్నారు.

విప్పడం గురించి ఎక్కువ చెప్పను. విశాఖలో సముద్రం చూడాలంటే బీచికి వెళ్ళనక్కరలేదు, పాతకారు కింద ఏ బోల్టు చూసినా కనిపిస్తుంది. ఉప్పుగాలికి తుప్పుపట్టి, బోల్టు ఎక్కడ ఆగుతుందో ఇంజను ఎక్కడ మొదలవుతుందో తెలియనంతగా కలిసిపోయి ఉంటాయి. ఈ కారు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు వేపకొమ్మ విరిగి పైన పడితే, టాపు సొట్టతో బయటపడి మర్నాడే స్టార్టయిన కారు. అంత గాలికి లొంగనిది, సైలెన్సరు గొట్టం దగ్గరి ఒక్క నట్టుతో నన్ను మూడు సాయంత్రాలు ఏడిపించింది. సెంట్రింగు పనివాళ్ళ దగ్గర ఇనుప గొట్టాలు అద్దెకు తెచ్చి ముక్కాలి కట్టి, చైను పుల్లీ వేలాడదీసి, మా బావమరిది ఒకవైపు, వాచ్‌మన్ ఒకవైపు పట్టుకుంటే ఇంజను బయటికి వచ్చింది. ఇంజను పోయాక కారు ముందుభాగం పళ్ళు పీకించుకున్న నోరులా బోసిగా కనిపించింది.

చిన్న సామాను పోగొట్టకుండా పాత పోపుల పెట్టె అడిగి తీసుకున్నాను. ఏడు గిన్నెలకు ఏడు చీటీలు. ఆవాల గిన్నెలో వాల్వు లాకులు. వాల్వుకు రెండు చొప్పున పన్నెండు. చిన్నవి, అర్ధచంద్రాకారంలో ఉంటాయి, స్ప్రింగు నొక్కి వదిలితే మిడతల్లా ఎగురుతాయి. రాత్రికి లెక్కపెడితే పదకొండే ఉన్నాయి. పన్నెండోది మర్నాడు మాస్టారి చొక్కా జేబులో దొరికింది. ఎగిరి పడిందో, ఆయన దాచారో ఇప్పటికీ చెప్పలేను.

సిలిండర్లున్న ఇనుప దిమ్మను, అంటే ఇంజను బ్లాకును, గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపుకు తీసుకెళ్ళాలి. ఆటోలో వెనక సీటు మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టి, పడిపోకుండా భుజం మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దాటాక డ్రైవరు అద్దంలో చూసి, "ఒంట్లో బాగాలేదా అండీ ఆయనకు?" అని మెల్లగా అడిగాడు. ఆయిలు తాగడం ఎక్కువైందని చెప్పాను. "మా బావగారూ అంతేనండీ" అన్నాడు. దారంతా తన బావగారి కథే. దింపాక దుప్పటి జారింది. డ్రైవరు బ్లాకు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, చిల్లర తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

లేత్ మేస్త్రి లోపల వేలు పెట్టి తడిమి, తర్వాత కొలిచి, సిలిండర్లను లోపల తొలిచి అర మిల్లీమీటరు వెడల్పు చేయాలని, అంటే బోరు చేయాలని, ఆ సైజు కొత్త పిస్టన్లు తెచ్చుకోమని చెప్పాడు. ఈ సంగతి విన్న సాయంత్రం మాస్టారు గోడ మీదకు లంఘించారు.

"బోరు వ్యాసం ఎంత?"

"68.5 మిల్లీమీటర్లు."

"పిస్టన్ పైకీ కిందకీ నడిచే దూరం?"

"72."

సుద్దముక్క కిర్రుమంది. వ్యాసార్ధం, దాని వర్గం, పై, ఎత్తు, ఇంటూ మూడు సిలిండర్లు. "796 సీసీ! కంపెనీవాడు అబద్ధం ఆడలేదోయ్" అన్నారు సంతోషంగా, నలభై ఏళ్ళుగా అనుమానిస్తున్నట్టు. తర్వాత 68.5 కొట్టేసి 69 వేశారు. మళ్ళీ గుణించారు. వెనక్కి జరిగి, కళ్ళజోడు సరిచేసుకుని, "807.7" అన్నారు. "ఇక దీన్ని 800 అనకూడదు. 808 అనాలి."

ఆయన అక్కడితో ఆగలేదు. కొత్త రింగులు వేసేటప్పుడు ఒక్కో పిస్టన్‌కు మూడు రింగుల చీలికలు ఒకే వరసలో ఉండకూడదని, అలా ఉంటే ఆ సందులోంచే గ్యాసు కిందికి జారిపోతుందని చెప్పాను. ఇంటికెళ్ళి కోణమానిని తెచ్చారు. తొమ్మిది రింగులనూ 120 డిగ్రీల ఎడంలో సర్దేదాకా నన్ను భోజనానికి వెళ్ళనివ్వలేదు.

అసలు కథ గుడ్డల దగ్గర మొదలవుతుంది.

మా ఇంటికి రెండోవైపు అపార్టుమెంటు కడుతున్నారు. ఇసుక, సిమెంటు ఎగిరి వచ్చి అన్నింటి మీదా పడుతుంది. రేణువు లోపలికి పోతే కొత్త రింగులు కూడా గోవిందా అని మేస్త్రి హెచ్చరించాడు. అందుకని హెడ్డు బిగించాక, పెట్రోలు గాలితో కలిసి లోపలికి పోయే మూడు దారుల్లోనూ గుడ్డలు కుక్కాలనుకున్నాను. పాతగుడ్డలు కావాలంటే, "మెట్లకింద సంచిలో ఉన్నాయి, తీసుకోండి" అని వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. మెట్లకింద సంచి ఉంది. తీసుకున్నాను. మెట్లకింద ఉన్నవి రెండు సంచులని నాకెవరు చెప్పారు? లుంగీ ముక్క ఒకటి, చిరిగిన బనియను ఒకటి పాతసంచిలోంచి వచ్చాయి. మూడోది ఎందులోంచి వచ్చిందో చీకట్లో చూడలేదు. చేతికి మెత్తగా ఉంది, సన్నగా మడతపడింది, నడిమి సిలిండరు దారిలోకి వేలితో పొడిస్తే చక్కగా లోపలిదాకా పోయింది. ఎంత బాగా పట్టిందో అని మెచ్చుకున్నాను కూడా.

ఆ వారమే ఇంట్లో జాకెట్టు గుడ్డ కనబడకుండా పోయింది.

మామూలు గుడ్డ కాదు. వరలక్ష్మీ వ్రతానికి వాయనంగా వచ్చినది. చిలకపచ్చ రంగు, జరీ అంచు. దసరాకు కట్టుకోవాల్సిన పట్టుచీరకు అచ్చుగుద్దినట్టు సరిపోయిందట. టైలరుకు ఇవ్వడానికి సంచిలో పెట్టి ఉంచిందట. బీరువాలు తీశాం. పరుపులు ఎత్తాం. నేను కూడా వెతికాను. అటక ఎక్కి, నడుము పట్టేసేదాకా వెతికాను. ఆ సంచి అప్పుడే ఇచ్చేశావేమో గుర్తు తెచ్చుకో అని సలహా కూడా నేనే ఇచ్చాను. ఆవిడ వెళ్ళి టైలరుతో తగువు పడింది. పాతికేళ్ళుగా మా ఇంటి కొలతలు నోటికి వచ్చిన మనిషి, కత్తెర బల్ల మీద పెట్టి, "అమ్మా, దేవుడి మీద ఒట్టు" అన్నాడట.

టైలరు తర్వాత అనుమానం మా అక్కయ్య మీదికి వెళ్ళింది. శ్రావణంలో విజయనగరం నుంచి వచ్చి రెండు రోజులుండి వెళ్ళింది పాపం. మా ఆవిడ ఫోను చేసి, చాలా మర్యాదగా, "వదినగారూ, మీ బట్టల్లో పొరపాటున ఏమైనా కలిసిందేమో ఒక్కసారి చూస్తారా?" అని అడిగింది. ఆ మర్యాదకే అక్కయ్యకు ఒళ్ళు మండింది. పది రోజులు రెండు ఇళ్ళ మధ్య ఫోన్లు లేవు. నన్ను కలగజేసుకోమంటే, ఇంజను పనిలో ఉన్నానన్నాను. అది నిజమే.

ఆ మూడు దారులకూ పెట్రోలు గాలిని పంచే గొట్టాల ముక్కను మానిఫోల్డు అంటారు. దాన్ని బిగించే రోజు గుడ్డలు తీశాను. పద్దుల మనిషిని కదా, లెక్కపెట్టుకుంటూ తీశాను. ఒకటి, లుంగీ ముక్క. రెండు, బనియను. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. ఫోను లైటు వెలిగించుకుని వచ్చి చూస్తే స్టూలు మీద మూడు గుడ్డలున్నాయి. మూడు దారులు, మూడు గుడ్డలు, సరిపోయింది. పుస్తకంలో టిక్కు పెట్టి, మానిఫోల్డు బిగించేశాను. స్టూలు మీది మూడోది నేను భుజం మీద వేసుకుని చేతులు తుడుచుకునే గుడ్డ. పద్దు సరిపోయినంత మాత్రాన తప్పు లేనట్టు కాదని ఆఫీసులో కుర్రవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో.

మహర్నవమి ముందురోజు తాళం తిప్పాను. స్టార్టయింది! మాస్టారు చప్పట్లు కొట్టారు. అయితే కారు వణుకుతోంది. మలేరియా వచ్చినట్టు, పళ్ళు కొరుకుతూ వణుకుతోంది. డాష్‌బోర్డు మీది అప్పన్న స్వామి పటం వణికి వణికి నా ఒళ్ళో పడింది. గేరు వేస్తే వీధి మొదటి ఎత్తు సగం ఎక్కి ఆగిపోయింది. పొగ మాత్రం లేదు. దోమల మందు అడిగిన ముసలాయన గేటు దగ్గర నిరాశగా నిలబడ్డాడు.

రాత్రంతా వెతికాను. నిప్పు పడే వరస 1-3-2, తీగలు ఆ వరసలోనే ఉన్నాయి. బెల్టు గుర్తులు కలిశాయి. కార్బురేటరు విప్పి కడిగాను. మాస్టారు గోడమీద లెక్క మళ్ళీ చేసి, 807.7లో తప్పేమీ లేదని హామీ ఇచ్చారు.

మర్నాడు తలవంచుకుని మెకానిక్‌కు ఫోను చేశాను. 25 వేలకు నవ్వినవాణ్ణని గుర్తుంచుకుని కూడా వచ్చాడు, పండగ పూట. వచ్చి ఏమీ విప్పలేదు. ఇంజను నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు తీగను లాగి చూశాడు. మొదటిది లాగితే ఇంజను చావబోయింది. పెట్టేశాడు. మూడోది లాగినా అంతే. నడిమిది లాగితే ఏ తేడా రాలేదు.

"రెండో సిలిండరు పనిచేయడం లేదు సార్." ప్లగ్గు విప్పి బాడీకి ఆనించి చూశాడు, నిప్పు బాగానే పడుతోంది. ప్లగ్గు మొన మీద వేలు రాసి చూపించాడు. "పొడిగా ఉంది. పెట్రోలు తడే లేదు. మిగతా రెండింటికీ అందుతోంది కాబట్టి కార్బురేటరు తప్పు కాదు. దీనికి దారిలో ఏదో అడ్డం పడింది. మానిఫోల్డు ఎవరు బిగించారు?"

నేనూ మాస్టారూ ఒకరి వంక ఒకరు చూసుకున్నాం.

మా ఆవిడ అతడికి కాఫీ తెచ్చే సమయానికి మానిఫోల్డు ఊడింది. మెకానిక్ ముక్కుపటకారు లోపలికి పెట్టి ఏదో పట్టుకున్నాడు. లాగాడు. ముందు ఒక నల్లటి చివర వచ్చింది. ఇంకా లాగాడు. జరీ వచ్చింది. గారడీవాడి టోపీలోంచి వచ్చినట్టు వస్తూనే ఉంది, పెట్రోలు వాసన కొడుతూ, అక్కడక్కడ చిలకపచ్చగా. మొత్తం వచ్చాక అతడు దాన్ని రెండు చేతులతో విప్పి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "జాకెట్టు గుడ్డలా ఉందే" అన్నాడు.

మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకుని, కుర్చీ తీసుకుని, ఇంట్లో పని ఉందని వెళ్ళిపోయారు.

మా ఆవిడ ఏమీ అనలేదు. కాఫీ గ్లాసు మెకానిక్ చేతికిచ్చింది. గుడ్డ అందుకుని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. తర్వాత తన ఫోను తీసి, ఏదో నంబరు నొక్కి, నూనె చేతులని కూడా చూడకుండా నా చేతిలో పెట్టింది. అవతల రెండుసార్లు మోగింది.

"ఏరా," అంది మా అక్కయ్య, "ఎక్కడ పెట్టావు ఆ గుడ్డ?"