మా ఆవిడ బతికే ఉంది

ముందుగా ఒక ప్రకటన. మా ఆవిడ బతికే ఉంది. నిక్షేపంగా ఉంది. ఇప్పుడు పక్క గదిలో కూర్చుని వాళ్లక్కకి ఫోన్లో ఈ కథే చెబుతోంది, నాకంటే బాగానే చెబుతోంది. శనివారం రాత్రి సభలో నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్న పెద్దలు, బయట పార్కింగులో నా భుజం తట్టి "కాలమే మందు" అన్న ఆ ఎర్ర చొక్కా ఆయన, అందరూ గమనించగలరు.

కథలోకి వస్తే, మా నగరంలో ఏటా సమాజానికి మంచి పనులు చేసినవాళ్లకి పురస్కారాలిస్తారు. యువతకి ఒకటి, పర్యావరణానికి ఒకటి, కళలకి ఒకటి, ఆటలకి ఒకటి, 'జీవితకాల సేవ' అని ఇంకొకటి. మనకి తెలిసినవాళ్ల పేరు మనమే పంపాలి, కమిటీ చదివి తేలుస్తుంది. మా పక్కింట్లో పిన్నిగారున్నారు. నాకు చుట్టరికమేమీ లేదు, అందరికీ పిన్నిగారే. డెబ్బై రెండేళ్లు. ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఊరుకోకుండా వీధిలో ఆడవాళ్లందరినీ పోగేసి వాకింగ్ గుంపు పెట్టారు, ఎవరికి బీపీ ఉందో ఎవరు మందులు ఎగ్గొడుతున్నారో అన్నీ ఆవిడ దగ్గర పుస్తకంలో ఉంటాయి. ఇలాంటి మనిషికి అవార్డు రాకపోతే ఎలా అని నాకు అనిపించింది. ఎవరూ అడగలేదు, నాకే అనిపించింది. మొత్తం అనర్థానికి మూలం అదే.

ఆన్‌లైన్ ఫారం గురించి చెప్పాలి, ఎందుకంటే నాకింకా మంట తగ్గలేదు. పది నిమిషాలు కదలకుండా ఉంటే పేజీ దానంతటదే మూసుకుపోతుంది. వెనక్కి వెళ్లే బటన్ నొక్కితే రాసిందంతా మాయం. ఈ లోపల మనం ఒక మనిషి డెబ్బై ఏళ్ల జీవితాన్ని ఐదువందల మాటల్లో కుదించాలి. రెండుసార్లు రాసి రెండుసార్లూ పోగొట్టుకుని, గడువు ఆఖరి రోజు రాత్రి పదకొండు యాభైకి మూడోసారి కూర్చున్నాను. మొదటి పేజీలో 'ప్రతిపాదితుల వివరాలు' అని ఉంది. చివరి పేజీలో 'ప్రతిపాదకుల వివరాలు' అని ఉంది. ఒకటి అవార్డు పుచ్చుకునే మనిషి, ఇంకొకటి ఆ మనిషి పేరు పంపే మనిషి. ఏది ఏదో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ రాత్రి మాత్రం ఏదైనా ఫారం కనిపిస్తే ముందు నా పేరు రాసే ముప్పై ఏళ్ల అలవాటు నా చేత పని కానిచ్చేసింది. 'అవార్డుకు అంగీకారం ఉన్నదా' అన్న చోట టిక్కు కూడా నేనే పెట్టాను. పిన్నిగారికి చెప్పకుండా సర్‌ప్రైజ్ ఇద్దామని.

ఇక్కడ ఇంకో నిబంధన ఉంది. ఈ కథకి అదే ప్రాణం. పక్షపాతం లేకుండా ఉండేందుకు జ్యూరీ వాళ్లకి పేర్లు చూపించరట, కాబట్టి సేవల గురించి రాసేచోట పేరు ఎక్కడా రాయకూడదట. సరేనని మొదటి నుంచి చివరిదాకా 'వారు' అని రాసుకుంటూ పోయాను. 'వారు చేశారు', 'వారు నడిపించారు', 'వారు లేకుంటే'. పెద్దావిడ కదా, 'ఆమె' అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మన భాషలో గౌరవం ఇచ్చామంటే ఆడా మగా తేడా ఎగిరిపోతుందని చిన్నప్పుడు వ్యాకరణం క్లాసులో మాస్టారు చెప్పి ఉంటారు, నేను వినలేదు. 'చేసింది' అని కాస్త మర్యాద తక్కువగా రాసి ఉంటే ఇవాళ నా బతుకు వేరేగా ఉండేది.

తర్వాత ఏం జరిగిందో త్వరగా చెప్పేస్తాను. నాకు మెయిల్ వచ్చింది. "అభినందనలు, తుది జాబితాలో ఉన్నారు, ఇద్దరు అతిథులతో రండి." పేరు పంపింది నేనే కదా, నాకే రాశారనుకున్నాను. పిన్నిగారికి విషయం చెప్పాను, ఆవిడ పది నిమిషాలు తిట్టారు, మా ఆవిడ బతిమాలింది, ముగ్గురం వెళ్లాం, మూడో వరసలో కూర్చున్నాం.

'జీవితకాల సేవా పురస్కారం' అన్నారు. నా పేరు పిలిచారు.

అప్పుడైనా అనుమానం రావాలా లేదా? రాలేదు. ముందు పేరు పంపినవాణ్ణి పిలిచి, తర్వాత అసలు మనిషిని పిలుస్తారు కాబోలు, ఎంత బాగా ఆలోచించారు అని మనసులో మెచ్చుకుంటూ లేచాను. పిన్నిగారు కూడా "వెళ్లు అబ్బాయ్, వెళ్లు" అని వెనక నుంచి తోశారు. వేదిక ఎక్కాను. మేయర్ గారు లేచి నమస్కారం పెట్టారు. నన్ను మధ్యలో, లైటు సరిగ్గా మొహం మీద పడే చోట నిలబెట్టారు. వ్యాఖ్యాత గొంతు సవరించుకుని, నేను రాసిన ఐదువందల మాటలూ నాకే వినిపించడం మొదలుపెట్టాడు.

"ఏడు పదుల వయసులోనూ అలుపెరగని వారు..."

సభలో చిన్న కలకలం. నాకు నలభై నాలుగు. మీసం నల్లగానే ఉంది, నిజంగానే నల్లగా ఉంది, రంగు కాదు. ముందు వరసలో ఒకాయన ముందుకు వంగి నన్ను పరీక్షగా చూసి, పక్కాయనతో ఏదో అని, ఇద్దరూ మెచ్చుకోలుగా తలలూపారు. సభ అయ్యాక ఆయనే వచ్చి నేను ఏ యోగాసనాలు వేస్తానని అడిగాడు. అది పక్కన పెట్టండి.

"తమ చేతుల మీదుగా వేలాది ప్రసవాలు జరిపించిన వారు..."

సరే, డాక్టర్ అనుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. విషయం నాకు అప్పటికి అర్థమైపోయింది. అర్థం కావడం వేరు, కాళ్లు కదలడం వేరు. మైకు నాకు మూడడుగుల దూరంలో ఉంది. వెళ్లి "ఒక్క నిమిషం అండీ" అంటే అయిపోయేది. 2017లో ఆస్కార్ వేదిక మీద అదే జరిగింది కదా. కవర్లు రెండేసి సెట్లు ఉండటంతో ఉత్తమ నటి కవరు మళ్లీ చేతికొచ్చింది, ఉత్తమ చిత్రం తప్పుగా ప్రకటించేశారు. అప్పుడు అవార్డు పట్టుకున్న నిర్మాతే మైకు ముందుకొచ్చి "మాకు కాదు, వాళ్లకి వచ్చింది" అని అసలు కార్డు ఎత్తి చూపించాడు. 2015 మిస్ యూనివర్స్ పోటీలో అయితే ఒకమ్మాయి తలకి పెట్టిన కిరీటాన్ని అందరి ముందూ తీసి ఇంకో అమ్మాయికి పెట్టారు. అంటే ప్రపంచం మొత్తం చూస్తుండగా కూడా దిద్దుకోవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. వేదిక మీద నిలబడి ఇవన్నీ వరసగా గుర్తుకు కూడా వచ్చాయి. ఈ లోపల వ్యాఖ్యాత రెండో పేరాకి వెళ్లిపోయాడు.

"రోజూ తెల్లవారుజామున ఐదింటికే ఇరవై మంది గృహిణుల ఇళ్లకు స్వయంగా వెళ్లి, తలుపు తట్టి, నిద్ర లేపి, తమ వెంట తీసుకెళ్లే వారు..."

హాలు నిశ్శబ్దమైపోయింది. అంత నిశ్శబ్దం నేను పరీక్ష హాల్లో కూడా వినలేదు. ఎవరో దగ్గారు. వ్యాఖ్యాత కూడా ఒక క్షణం ఆగి, కాగితం వంక చూసి, నా మీసం వంక చూసి, వృత్తిధర్మం కాబట్టి ముందుకు సాగాడు. నా ఖర్మకొద్దీ జతచేసిన సిఫార్సు ఉత్తరాల్లోంచి కూడా ఒక వాక్యం ఎంచి పెట్టారు. వీధి చివర ఇంటి ఇల్లాలు రాసింది: "వారు వచ్చాకే నా ఉదయాలకు అర్థం వచ్చింది, మావారికి చెప్పలేనివి కూడా వారికి చెప్పుకుంటాను." ఆవిడ చెప్పింది మోకాళ్ల నొప్పుల గురించి. ఆ సంగతి తర్వాతి వాక్యంలో ఉంది. తర్వాతి వాక్యం చదవలేదు.

మూడో వరస వైపు చూశాను. మా ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. పిన్నిగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాపం ఏడుస్తున్నారనుకుని పక్కావిడ వీపు నిమురుతోంది.

ఇక అసలు ముక్క దగ్గరికి వచ్చాడు. ఐదువందల మాటల్లో ఒకే ఒక్క చోట నా గౌరవ వాచకం నన్ను కాపాడలేకపోయింది. నేను రాసింది "భర్త అకాల మరణంతో కుంగిపోకుండా ముగ్గురు కూతుళ్లకు తల్లీ తండ్రీ తామే అయి పెంచారు" అని. వ్యాఖ్యాత "భ..." అన్నాడు. ఆగాడు. నన్ను చూశాడు. ఆ మనిషి సమయస్ఫూర్తిని మెచ్చుకోవాలో తన్నాలో నాకిప్పటికీ తెలియడం లేదు. ఒక్క లిప్తలో సర్దుకుని, గొంతులో కాస్త తడి కూడా చేర్చి, "భా... భార్య అకాల మరణంతో కుంగిపోకుండా..." అనేశాడు.

అంతే. హాలంతా లేచి నిలబడింది. ఇందాకటి ఇరవై మంది గృహిణుల అనుమానం కూడా ఆ చప్పట్లలో కొట్టుకుపోయింది, పాపం ఒంటరి మనిషి అనుకున్నారేమో. అందరూ లేచారు కాబట్టి మా ఆవిడ కూడా లేచింది. తన మరణానికి తనే లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మనిషిని నేను మళ్లీ చూస్తాననుకోను. కొట్టిన పద్ధతి మాత్రం వేరు, ఒక్కో చప్పట్లో ఒక్కో రాత్రి లెక్క ఉంది.

మేయర్ గారు జ్ఞాపిక నా చేతిలో పెట్టి, రెండు చేతులతో నా చేతులు పట్టుకుని, కళ్లలోకి చూసి నెమ్మదిగా అన్నారు. "ధైర్యంగా ఉండండి."

నేను "థాంక్స్ అండీ" అన్నాను.

అదీ సంగతి. మిగతాదంతా ఫారం తప్పు, కమిటీ తప్పు, వ్యాకరణం తప్పు. ఈ 'థాంక్స్ అండీ' మాత్రం పూర్తిగా నాదే. కాదని చెప్పడానికి బోలెడు మాటలుంటే నోట్లోంచి వచ్చింది అది. మా ఆవిడ కేసు మొత్తం దీని మీదే నడుస్తోంది. "తప్పు పేరు పిలిచారు, సరే. చంపేశారు, అదీ సరే. మీరు థాంక్స్ ఎందుకు చెప్పారండీ?" నా దగ్గర జవాబు లేదు.

సోమవారం పొద్దున్నే కమిటీ ఆఫీసుకి ఫోన్ చేశాను. సమన్వయకర్త అట, గొంతులో భలే ఓపిక, పేజీ మూసుకుపోయే ముందు వచ్చే హెచ్చరికలాంటి ఓపిక. అంతా విని, "మరి ఫారంలో మీ పేరే ఉంది కదా సార్" అన్నాడు. పొరపాటున రాశానన్నాను. "తప్పేం లేదు సార్, సెల్ఫ్ నామినేషన్‌కి మా రూల్స్‌లో అభ్యంతరం లేదు" అన్నాడు, ఓదారుస్తున్నట్టు. అంటే రికార్డుల ప్రకారం నేను నా గురించి నేనే 'వారు' అని రాసుకుని, నేనే అంగీకరించి, వెళ్లి పుచ్చుకున్నాను. నోబెల్ వాళ్లు ఇందుకే తెలివైనవాళ్లు. ఎవరికి వారు ప్రతిపాదించుకుంటే అది చెల్లదు, పైగా ఎవరు ఎవరి పేరు పంపారో 50 ఏళ్లు బయటపెట్టరు. యాభై ఏళ్లు! నా సంగతి 50 నిమిషాల్లో వీధి గ్రూపులో ఫోటోతో సహా వచ్చింది.

జ్ఞాపిక మీద నా పేరు చెక్కేశారు కాబట్టి మార్చడం కుదరదట. పిన్నిగారి పేరు వచ్చే ఏడు మళ్లీ పంపుకోవచ్చట. ఒకసారి జీవితకాల పురస్కారం అందుకున్న సేవలనే మళ్లీ పంపితే కుదురుతుందా అని అడిగితే, "అవే సేవలైతే కష్టం సార్, కొత్తవేమైనా చెయ్యమనండి" అన్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషిని.

జ్ఞాపిక పట్టుకెళ్లి పిన్నిగారికి ఇవ్వబోయాను. ముట్టుకోలేదు. "నాకెందుకు అబ్బాయ్, పేరు నీది. బీపీ పుస్తకం కూడా పట్టుకెళ్లు. రేపు ఐదింటికి మొదట పచ్చగేటు ఇల్లు, కుక్కుంది, చూసుకో" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ మర్నాడు నిజంగానే ఆవిడ లేవలేదు, ఆరింటికి నలుగురు ఆడవాళ్లు మా తలుపు కొట్టి "ఏం అన్నయ్యగారూ, ఇవాళ లేపలేదే" అన్నారు. తలుపు తీసింది మా ఆవిడ. అందులో ఒకావిడ మా ఆవిణ్ణి చూసి దణ్ణం పెట్టింది.

ఇందాకే ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. పొరపాట్లు దిద్దుకోవడానికి వేరే ఫారం ఉందట, ఇవాళ రాత్రి పన్నెండింటితో గడువు. తెరిచాను. మొదటి గడిలో 'పేరు' అని మాత్రం ఉంది. ఎవరి పేరో కనుక్కుందామని ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, ఈ లోపల పేజీ మూసుకుపోయింది.