కనబడుట లేదు

నేవీలో ముడులు వేయడం నేర్పిస్తారు, మంటలార్పడం నేర్పిస్తారు, తుపాకీ పట్టడం నేర్పిస్తారు. నిద్రపోతున్న మనిషిని లేపడం మాత్రం ఎవరూ నేర్పరు. కొత్తగా వచ్చిన కుర్రాడి నెత్తిన ఆ పని పడేస్తారు, అంతే.

అదేమంత చిన్న పని కాదు. యుద్ధనౌకలో సెయిలర్లు పడుకునే బంకులు ఒకదాని మీద ఒకటి మూడేసి ఉంటాయి. ఒక్కోదానికి ఒక కర్టెన్. రాత్రిపూట ఎర్ర లైటు తప్ప ఇంకేదీ వెలగదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే దాదాపు 30 నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు వేస్తే ఆ కష్టమంతా క్షణంలో వృథా, ఎర్ర లైటుతో అంత నష్టం ఉండదు. శాస్త్రం బాగానే ఉంది. ఆ వెలుతుర్లో ఎవరి బంకు ఎవరిదో తెలియదన్నదే చిక్కు.

దానికి తోడు వాచ్‌ల లెక్క. వాచ్ అంటే ఒక డ్యూటీ వంతు, మామూలుగా నాలుగేసి గంటలు. రోజుకు ఆరు వాచ్‌లు, మూడు జట్లు అనుకుంటే ప్రతి జట్టుకూ రోజూ అవే వేళలు పడతాయి. అర్ధరాత్రి డ్యూటీ పడ్డవాడికి జీవితాంతం అర్ధరాత్రే. అందుకని సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వాచ్‌ను రెండు ముక్కలు చేసి మొత్తం ఏడు చేశారు. దాంతో వేళలు రోజూ మారుతుంటాయి. న్యాయం జరిగింది. ఎప్పుడు పడుకున్నామో, ఎప్పుడు లేచామో మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఒక ఓడలో ఆ రాత్రి పదకొండున్నరకు కుర్రాడు చీటీ పట్టుకుని దిగాడు. లేపాల్సింది కింది బంకు ఆయన్ని, అర్ధరాత్రి నుంచి నాలుగు దాకా ఆయన డ్యూటీ. కుర్రాడు మధ్య బంకు కర్టెన్ తీసి, పక్కవాళ్లు లేస్తే తిడతారని గుసగుసగా, "అన్నా, టైమైంది" అన్నాడు.

మధ్య బంకు ఆయన ఎనిమిదింటికి డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. మళ్లీ పొద్దున నాలుగింటికి ఎక్కాలి. అప్పుడే మూడున్నర అయిందా అనుకున్నాడు. నిద్ర చాలినట్టు లేదు. కానీ సెయిలర్‌కి నిద్ర ఎప్పుడు చాలింది గనక? కళ్లు మూసుకునే బట్టలేసుకుని, నిచ్చెనలెక్కి, పైన గాలిలో నిలబడి సముద్రం మీద కన్నేసి ఉంచే లుకౌట్ దగ్గరికి వెళ్లాడు. చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనిపించదు. దిగిపోయేవాడికి రిలీఫ్‌గా వచ్చింది ఎవరైతేనేం? బైనాక్యులర్స్, హెడ్‌సెట్ చేతిలో పెట్టి, కుడివైపు దూరంగా ఒక ఓడ లైటుందని చెప్పి మాయమయ్యాడు.

ఇక మనవాడు సముద్రం చూస్తూ నిలబడ్డాడు. నాలుగింటి డ్యూటీలో ఒక సుఖముంది, మధ్యలో తెల్లవారుతుంది. తూర్పు వైపు ఒక కన్నేసి ఉంచాడు. ఎంతసేపు చూసినా తెల్లారదు. సూర్యుడి రిలీఫ్ రాలేదు కాబోలు అనుకున్నాడు.

అసలు మూడున్నర అయింది. ఈసారి ఇంకో కుర్రాడు, జాగ్రత్తపరుడు, సరైన బంకుకే వెళ్లాడు. కర్టెన్ తీస్తే మనిషి లేడు. బాత్రూముల్లో లేడు, భోజనాల గదిలో లేడు. కుర్రాడికి టెన్షన్ పట్టుకుంది. పరుగున వెళ్లి ఆఫీసర్‌కి చెప్పాడు. ఓడలో మనిషి కనబడకపోతే మొదట వచ్చే అనుమానం ఒక్కటే.

అలారం మోగింది. ఓడంతా లేచింది. మనిషి ఎప్పుడు పడ్డాడో తెలియనప్పుడు వచ్చిన దారినే వెనక్కి వెళ్లడానికి విలియమ్సన్ టర్న్ అని ఒక పద్ధతి ఉంది. ఓడను ముందు ఒకవైపు 60 డిగ్రీలు తిప్పి, ఆ వెంటనే రెండోవైపు తిప్పుకుంటూ పోవాలి. అంత ఓడా అలా తిరుగుతుంటే, పైనున్న లుకౌట్‌కి హెడ్‌సెట్‌లో ఆర్డరొచ్చింది: "మనిషి నీళ్లలో పడ్డాడు, బాగా చూడు!"

పాపం, ఎవరో ఏమో అని మధ్య బంకు ఆయన కళ్లు పొడుచుకుని వెతికాడు. తన కోసం తాను అంత శ్రద్ధగా వెతికినవాడు ఇంకొకడు ఉండడు. ఒకసారి నురగను చూసి తలకాయ అనుకుని కేక కూడా పెట్టాడు.

కింద హాజరు తీస్తున్నారు. కాగితం ప్రకారం కింది బంకు ఆయన పైన లుకౌట్‌గా ఉన్నాడు. చూస్తే ఎదురుగా, దుప్పటి గీతలు బుగ్గమీద అచ్చుపడి, ఆవలిస్తూ నిలబడ్డాడు. ఆఫీసర్ కాగితం చూశాడు, మనిషిని చూశాడు.

"నువ్విక్కడుంటే పైనున్నదెవడు?"

"ఎవరో ఉన్నారా సార్?" అన్నాడాయన. నిండా నిద్రపోయిన మొహం, ఆ రాత్రి ఓడలో అంత తేటగా ఉన్న మొహం ఇంకోటి లేదు.

చివరికి హెడ్‌సెట్‌లో పేరు చెప్పి అడిగారు, ఆ మనిషి కనిపించాడా అని. కాసేపు గాలి శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు.

"కనిపించాడు సార్. క్షేమంగానే ఉన్నాడు."

ఓడను మళ్లీ దారిలో పెట్టి, జనాన్ని పడుకోమని పంపేసరికి సరిగ్గా నాలుగైంది. మధ్య బంకు ఆయన హెడ్‌సెట్ తీయబోతుంటే ఆఫీసర్ గొంతు వినిపించింది:

"ఎక్కడికి? నీ డ్యూటీ ఇప్పుడేగా మొదలు. బైనాక్యులర్స్ ఎలాగూ మెడలోనే ఉన్నాయి, కానివ్వు."