కుర్రాళ్లను తీర్చిదిద్దిన క్లబ్బు

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోని బాస్కెట్‌బాల్ క్లబ్బు పార్టిజాన్‌కు 2025 అక్టోబరు 4న 80 ఏళ్లు నిండాయి. రెండు నెలలు తిరగకముందే కోచ్ జెల్కో ఒబ్రాడోవిచ్ రాజీనామా చేశారు. ఐరోపా క్లబ్బుల పోటీల్లో అగ్రస్థానం కట్టబెట్టే యూరోలీగ్ టైటిల్‌ను ఆయన తొమ్మిదిసార్లు గెలిపించారు. మరే కోచ్‌కూ అది సాధ్యపడలేదు. ఆ తొమ్మిదిలో మొదటిది 1992లో ఇదే పార్టిజాన్‌కు దక్కింది. ఓడుతున్న జట్టు నుంచి కోచ్ తప్పుకోవడం క్రీడాలోకంలో రోజూ వినిపించే వార్తే. కానీ ఒబ్రాడోవిచ్ వంటి కోచ్ కూడా గాడిన పెట్టలేనంతగా ఈ క్లబ్బుకు ఏమైంది? జవాబు కోసం నిన్నటి స్కోర్లు వెదికి లాభం లేదు. 80 ఏళ్ల చరిత్రను తిరగేయాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదే, యుగోస్లావియా సైన్యం నీడలో పార్టిజాన్ క్రీడా సంఘం పుట్టింది. నాజీలపై పోరాడిన దళాల పేరునే దానికి పెట్టారు. సైన్యం అండ ఉన్నా బాస్కెట్‌బాల్ విభాగానికి మాత్రం చాలాకాలం గెలుపు ముఖం కనిపించలేదు. అదే నగరంలో కొన్ని నెలల ముందు పుట్టిన రెడ్‌స్టార్ 1946 నుంచి 1955 దాకా వరుసగా పది జాతీయ టైటిళ్లు ఎగరేసుకుపోయింది. పార్టిజాన్‌కు తొలి జాతీయ టైటిల్ 1976లో గానీ రాలేదు. మూడు దశాబ్దాలు రెండో వరుసలోనే కూర్చున్న క్లబ్బు ఆ తర్వాత ఐరోపాకు పాఠం చెప్పే స్థాయికి ఎదిగింది.

ఆ ఎదుగుదలకు మూలం చిన్న ఊళ్ల కుర్రాళ్లు. ద్రాజెన్ దలిపాగిచ్‌ది హెర్జెగోవినాలోని మోస్తార్. బాస్కెట్‌బాల్ పట్టేనాటికే వయసు పందొమ్మిది దాటింది, అంతకుముందు ఆడింది ఫుట్‌బాల్. ఆయనకు జోడీగా నిలిచిన ద్రాగాన్ కిచానొవిచ్‌ది సెర్బియాలోని చాచాక్ పట్టణం. ఒబ్రాడోవిచ్ సొంత ఊరూ అదే. 1978లో బోస్నాలోని బాంజా లూకాలో జరిగిన, ఐరోపా క్లబ్బుల పోటీల్లో ఒకటైన కొరాచ్ కప్ ఫైనల్‌లో పార్టిజాన్ అదనపు సమయం దాకా పోరాడి 117-110తో నెగ్గింది. దలిపాగిచ్ ఒక్కడే 48 పాయింట్లు, కిచానొవిచ్ 33 పాయింట్లు చేశారు. ఓడింది సారాయెవో క్లబ్బు బోస్నా. అంటే ఐరోపా కప్పు ఫైనల్‌లో ఒకే దేశపు రెండు జట్లు, ఆ దేశపు గడ్డపైనే తలపడ్డాయి! మరుసటి ఏడాది బోస్నా ఏకంగా ఐరోపా చాంపియన్ అయింది. ఒక తరం గడవకముందే ఆ రెండు నగరాల మధ్య యుద్ధం వచ్చిపడుతుందని ఆ రోజు ఎవరూ ఊహించి ఉండరు.

1980లలో దుష్కో వుయోషెవిచ్ అనే యువ కోచ్ చేతికి జట్టు వచ్చింది. ప్రియెపోల్యె నుంచి వ్లాదే దివాత్స్, మాంటెనెగ్రోలోని ప్లెవ్ల్యా నుంచి జార్కో పాస్పాల్, సారాయెవో నుంచి ప్రెద్రాగ్ దనిలోవిచ్ వచ్చి చేరారు. వారికి బెల్‌గ్రేడ్ కుర్రాడు అలెక్సాందర్ జోర్జెవిచ్ తోడయ్యాడు. 1987లో జాతీయ టైటిల్, 1988లో యూరోలీగ్‌కు పాత రూపమైన యూరోపియన్ కప్‌లో మూడో స్థానం, 1989లో మళ్లీ కొరాచ్ కప్. రెండు మ్యాచ్‌ల ఫైనల్‌లో ఇటలీ జట్టు కాంటూ చేతిలో తొలి మ్యాచ్‌ను 13 పాయింట్ల తేడాతో ఓడి, బెల్‌గ్రేడ్‌లో 101-82తో గెలిచి ఆ కప్పు అందుకున్నారు. ఆ ఏడాదే దివాత్స్, పాస్పాల్ అమెరికా ఎన్‌బీఏకు వెళ్లిపోయారు. లాస్ ఏంజిలెస్ లేకర్స్ 1996లో కోబీ బ్రయంట్ అనే కుర్రాడిని దక్కించుకోవడానికి ఇచ్చుకున్నది ఈ దివాత్స్‌నే అని చెబితే మన పాఠకులకు ఆయన విలువ ఇట్టే అర్థమవుతుంది.

ఇద్దరు దిగ్గజాలు వెళ్లిపోతే మామూలు క్లబ్బు కూలబడుతుంది. పార్టిజాన్ మూడేళ్లకు ఐరోపా కిరీటం గెలిచింది. అదీ సొంత ఇల్లు లేకుండా! 1991లో యుగోస్లావియా ముక్కలవడం మొదలైంది. అక్కడి క్లబ్బులు సొంత గడ్డపై ఐరోపా మ్యాచ్‌లు ఆడరాదని అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ఆంక్ష పెట్టింది. క్రొయేషియా క్లబ్బులతో పాటు పార్టిజాన్ కూడా స్పెయిన్‌కు తరలింది. మాడ్రిడ్‌కు దక్షిణాన ఉన్న ఫుయెన్‌లబ్రాడా అనే శ్రామికుల పట్టణం దానికి ఆశ్రయమిచ్చింది. పరాయి భాష మాట్లాడే ఆ పట్టణ ప్రజలు చిన్న హాలు నిండా చేరి, నలుపు తెలుపు దుస్తుల కుర్రాళ్లను తమ జట్టుగా చేసుకున్నారు. ఆ సీజన్‌లో పార్టిజాన్ నిజంగా సొంత ఊళ్లో ఆడిన ఐరోపా మ్యాచ్ ఒకే ఒక్కటి, క్వార్టర్ ఫైనల్‌లో ఇటలీ క్లబ్బు బొలోన్యాతో.

కోచ్ ఒబ్రాడోవిచ్ వయసు అప్పుడు 32. ఏడాది ముందు దాకా అదే జట్టులో ఆటగాడు. బూట్లు విప్పి నేరుగా కోచ్ కుర్చీలో కూర్చున్నాడు. అతడి పక్కన యుగోస్లావ్ బాస్కెట్‌బాల్‌కు పితామహుడిగా పేరొందిన వృద్ధ గురువు అలెక్సాందర్ నికోలిచ్ సలహాదారుగా నిలిచారు. అనుభవం లేని శిష్యుడి వెనుక గురువును నిలబెట్టడం ఆ క్లబ్బు తీసుకున్న నిర్ణయాల్లోకెల్లా గొప్పది. పెద్ద పేరున్న కోచ్ కోసం డబ్బు మూటలతో పరుగెత్తే నేటి యాజమాన్యాలు ఆ ఒక్క ఏర్పాటును గుర్తుచేసుకున్నా చాలు.

1992 ఏప్రిల్ 16న ఇస్తాంబుల్‌లో ఫైనల్. ప్రత్యర్థి స్పెయిన్ క్లబ్బు జువెంతుత్ బదలోనా. చివరి క్షణాల్లో తోమాస్ జోఫ్రేసా బంతిని బాస్కెట్‌లో వేసి తన జట్టును 70-68తో ముందుకు తెచ్చాడు. మిగిలింది కొన్ని సెకన్లు. స్లావిషా కోప్రివిత్సా బంతి అందించగానే జోర్జెవిచ్ కోర్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా డ్రిబుల్ చేస్తూ పరుగెత్తాడు. రక్షకుడు వెంటపడి వస్తున్నా ఆగలేదు. మూడు పాయింట్ల గీత బయట, ఒంటికాలిపై లేచి, ఒళ్లు పక్కకు వాలుతుండగానే బంతి వదిలాడు. 71-70. జువెంతుత్‌కు తేరుకునే వ్యవధి లేకపోయింది. చివరి నాలుగు జట్లు తలపడే ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడిగా దనిలోవిచ్ ఎంపికయ్యాడు. అతడు పుట్టిన సారాయెవో ముట్టడి మొదలై అప్పటికి పది రోజులే అయింది. ఒకవైపు ఆ గెలుపు, మరోవైపు పుట్టిన ఊరిపై కురుస్తున్న ఫిరంగి గుండ్లు. 22 ఏళ్ల యువకుడు ఆ రెండింటినీ ఎలా మోశాడో ఊహించడం కూడా కష్టమే.

ఆ ఆనందం ఆరు వారాలే నిలిచింది. మే 30న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 757వ తీర్మానాన్ని ఆమోదించింది. యుగోస్లావియాపై వాణిజ్యం, విమానాల రాకపోకలతో పాటు క్రీడల్లోనూ నిషేధం పడింది. పదమూడు దేశాలు అనుకూలంగా ఓటేశాయి, చైనా, జింబాబ్వే ఓటింగుకు దూరంగా ఉన్నాయి. అనుకూలంగా ఓటేసిన వాటిలో అప్పుడు మండలి సభ్యదేశంగా ఉన్న భారత్ కూడా ఉంది. యుగోస్లావియా ఫుట్‌బాల్ జట్టును యూరో పోటీల నుంచి పంపేయగా దాని బదులు వచ్చిన డెన్మార్క్ కప్పు గెలిచిన సంగతి చాలామందికి తెలుసు. ఐరోపా చాంపియన్ పార్టిజాన్ తన కిరీటాన్ని నిలబెట్టుకోవడానికి బరిలోకే దిగలేకపోయిందన్న సంగతి తెలిసినవారు తక్కువ.

బోస్నాలో జరిగిన ఘోరాలు నిజం. వాటికి బెల్‌గ్రేడ్ పాలకుల అండ ఉందన్నదీ నిజం. ఆ పాలకులపై ఆర్థిక, దౌత్య ఒత్తిడి తేవడం అవసరమే. కానీ ఒక దేశపు ఆటగాళ్లందరినీ ఆ నేరానికి బాధ్యులను చేయడం న్యాయమని ఈ పత్రిక అంగీకరించదు. సారాయెవోలో పుట్టిన దనిలోవిచ్‌ను కోర్టు బయట నిలబెడితే సారాయెవోపై పడే ఒక్క గుండు కూడా ఆగలేదు. యుద్ధం మరో మూడేళ్లు సాగింది. జోర్జెవిచ్ మిలాన్‌కు, దనిలోవిచ్ బొలోన్యాకు వెళ్లిపోయారు. ఇస్తాంబుల్ దారిలో పార్టిజాన్ చేతిలో ఓడిన జట్లే ఆ రెండూ. ఇంటి దగ్గర దినార్ విలువ కుప్పకూలి 1993లో 50,000 కోట్ల దినార్ల నోటు అచ్చయ్యే దశ వచ్చింది. అయినా క్లబ్బు జూనియర్ జట్లు శిక్షణ ఆపలేదు. నిషేధం తొలగాక 1995, 1996, 1997ల్లో జాతీయ టైటిళ్లు మళ్లీ పార్టిజాన్‌వే. 1998లో యూరోలీగ్ ఫైనల్ ఫోర్ దాకా వెళ్లి, అక్కడ దనిలోవిచ్ ఆడుతున్న బొలోన్యా చేతిలోనే ఓడింది.

2001లో తిరిగి వచ్చిన వుయోషెవిచ్ పదేళ్లలో చేసిన పని మరింత మెచ్చుకోదగింది. చేతిలో డబ్బు లేదు. మంచి ఆటగాడు తయారైతే ఏడాది రెండేళ్లలో ధనిక క్లబ్బు ఎగరేసుకుపోతుంది. ఆ లోటునే ఆయన పద్ధతిగా మార్చుకున్నారు. ఒకరు వెళ్లేలోగా మరొకరిని సిద్ధం చేశారు. నికోలా పెకోవిచ్ వెళ్లాడు, యాన్ వెసెలీ పైకొచ్చాడు. తర్వాత సెర్బియా జట్టుకు ఆధారమైన బొగ్దాన్ బొగ్దానొవిచ్ కూడా పార్టిజాన్‌లో ఎదిగినవాడే. సెర్బియా, ఆ పొరుగు దేశాల క్లబ్బులు ఆడే అడ్రియాటిక్ లీగ్‌ను పార్టిజాన్ 2007 నుంచి వరుసగా ఐదేళ్లు గెలిచింది. 2009 మార్చిలో గ్రీసు క్లబ్బు పానథినైకోస్‌తో మ్యాచ్‌కు బెల్‌గ్రేడ్ అరేనాకు 22,567 మంది వచ్చారు. 2010లో పారిస్ ఫైనల్ ఫోర్‌లో మరో గ్రీసు క్లబ్బు ఒలింపియాకోస్‌ను అదనపు సమయం దాకా లాగి మూడు పాయింట్ల తేడాతో ఓడింది. ప్రత్యర్థితో పోలిస్తే పార్టిజాన్ బడ్జెట్ ఎంతో చిన్నది.

ఆ తర్వాత అప్పులు పెరిగాయి. 2014లో యూరోలీగ్ నుంచి జారిన క్లబ్బు 2022లో గానీ తిరిగి రాలేదు. 2021లో ఒబ్రాడోవిచ్‌ను వెనక్కి పిలిచారు. ఆయన రాకతో బెల్‌గ్రేడ్ ఊగిపోయింది. ఒక్కో యూరోలీగ్ మ్యాచ్‌కు సగటున 20,000 మందికి కాస్త అటూఇటుగా జనం వచ్చారు. 2023లో, మళ్లీ 2025లో అడ్రియాటిక్ లీగ్ గెలిచారు. 2023 యూరోలీగ్ క్వార్టర్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌పై 2-0తో ముందుకెళ్లి, రెండో మ్యాచ్ చివర్లో జరిగిన కొట్లాట తర్వాత వరుసగా మూడు ఓడిపోయారు. ఆ అభిమానుల ఉత్సాహాన్ని ఎంత మెచ్చుకున్నా, పార్టిజాన్ పేరు చెప్పుకునే మూకలు 2009లో బెల్‌గ్రేడ్ వీధిలో ఒక ఫ్రెంచి ఫుట్‌బాల్ అభిమానిని కొట్టి చంపిన సంగతి మరువరానిది. ప్రేక్షకుల సంఖ్యను గర్వంగా ప్రకటించే క్లబ్బు ఆ హింసను కూడా అంతే గట్టిగా ఖండించాలి.

అసలు చిక్కు జట్టు కూర్పులో ఉంది. ఈ కొత్త వైభవానికి పునాది కొని తెచ్చిన ఆటగాళ్లు. కెవిన్ పంటర్, జాక్ లీడే, దాంతే ఎక్జమ్, మతియాస్ లెసోర్ అందరూ ప్రతిభావంతులే, క్లబ్బు కోసం మనసుపెట్టి ఆడినవారే. కానీ ఒప్పందం ముగియగానే వెళ్లిపోతారు, వెళ్లిపోయారు. ప్రతి వేసవిలో జట్టును మొదటి నుంచి కట్టాలి. తాపత్రయమంతా సంతకాలకే సరిపోతే, 17 ఏళ్ల కుర్రాడిని రెండేళ్లు ఓర్పుగా ఆడించే తీరిక ఎవరికి ఉంటుంది? ఇంకోవైపు 2021 నుంచి అమెరికా విశ్వవిద్యాలయాల ఆటగాళ్లు తమ పేరుతో వాణిజ్య ఆదాయం పొందవచ్చన్న నిబంధన వచ్చింది. అప్పటినుంచి ఐరోపా కుర్రాళ్లకు అక్కడి నుంచి పిలుపులు పెరిగాయి. పదేళ్లు పెంచిన క్లబ్బుకు తగిన పరిహారం లేకుండానే పిల్లలు వెళ్లిపోతున్నారు. పెంపకానికి దక్కే ప్రతిఫలం తగ్గినప్పుడు పెంచడం మానేయాలనిపించడం సహజమే. పార్టిజాన్ లొంగకూడనిది సరిగ్గా ఆ ఆలోచనకే.

కొత్త కోచ్ ఎవరన్న దానికన్నా, ఆయన చేతికి ఏ అధికారం, ఎంత కాలం ఇస్తారన్నదే ముఖ్యం. ఏడాది ఫలితాలను బట్టి తొలగించే పద్ధతి మాని కనీసం నాలుగేళ్ల ఒప్పందం ఇవ్వాలి. యూరోలీగ్ జట్టులో క్లబ్బు జూనియర్ విభాగం నుంచి వచ్చిన వారికి కనీసం మూడు స్థానాలు కేటాయించాలి, అవి బెంచీ చివర కూర్చునే స్థానాలు కాకూడదు. దేశవాళీ లీగ్ మ్యాచ్‌ల భారం వారికే అప్పగించాలి. అరేనా నిండినప్పుడు వచ్చే టికెట్ల ఆదాయంలో ఒక స్థిర వాటాను చిన్న పట్టణాల శిక్షకులకు, జూనియర్ల వసతికి, చదువుకు కేటాయించి, ఆ లెక్కలు ఏటా అభిమానుల ముందు పెట్టాలి. అమెరికా కళాశాలలకు వెళ్లే కుర్రాళ్ల విషయంలో పరిహారం కోసం ఫిబా వద్ద సెర్బియా సమాఖ్య పట్టుబట్టాలి. ఆ సమాఖ్యకు అధ్యక్షత వహించిన దనిలోవిచ్‌కు, జాతీయ జట్టును ప్రపంచ, ఒలింపిక్ రజతాల దాకా నడిపిన జోర్జెవిచ్‌కు ఈ విషయం ఒకరు చెప్పనక్కర్లేదు. వారిని సలహాకు పిలవడానికి క్లబ్బు యాజమాన్యం వచ్చే సీజన్ దాకా ఆగవలసిన పని లేదు.